యల్లా అనకూడని యుద్ధం

నేను జీవితంలో ఇచ్చిన మొట్టమొదటి యుద్ధాజ్ఞ విని నా సైన్యంలో సగంమంది బస్సెక్కి కూర్చున్నారు.

ఖతార్‌లో, అల్ మన్సూరాలో ఫ్లాట్ల వెనక ఒక ఖాళీ జాగా ఉంది. పనిరోజుల్లో అక్కడ లారీలు నిలుస్తాయి. శుక్రవారం పొద్దున మాత్రం పిల్లులు తప్ప ఎవరూ ఉండరు. మా తెలుగువాళ్ళ వార్షికోత్సవంలో పాతకాలపు యుద్ధం ఒకటి ఆరుబయట ప్రదర్శించాలని నిర్ణయమయ్యాక, మొదటి రిహార్సల్ అక్కడే పెట్టుకున్నాం. ఎడమ దళానికి నాయకురాలిని నేను. ముందు వరసలో నాలా ఫ్లాట్లలో ఉండే ఆఫీసు ఉద్యోగులు, ఒకరిద్దరు నర్సులు. వెనక వరసల్లో ఒక కంపెనీ క్యాంపు నుంచి వచ్చిన తెలంగాణ వాళ్ళు. వాళ్ళను సెలవురోజున బస్సులో తీసుకొచ్చింది వాళ్ళ ఫోర్‌మన్. కుడి దళం అతనిది.

నేను ప్లైవుడ్ కత్తి పైకెత్తి, ఉన్న గొంతంతా పెట్టి "యల్లా" అని అరిచాను. ముందు వరస పరిగెత్తింది. వెనక వరసలు ఏ తొందరా లేకుండా వెనక్కి తిరిగి, డాళ్ళు చంకలో పెట్టుకుని, బస్సు వైపు నడిచాయి. ఒకతను అప్పటికే కిటికీ పక్క సీటు పట్టుకుని అద్దం తెరుస్తున్నాడు.

"ఎక్కడికి వెళ్తున్నారు?" అన్నాను ఫోర్‌మన్‌తో.

"ఏమక్కా, నువ్వే గదా యల్లా అన్నవ్."

"దాడి చెయ్యమన్నాను."

"సైటు మీద పొద్దుగూకంగ యల్లా అంటే బస్సెక్కుమన్నట్టు. నువ్వు యల్లా అంటివి, బస్సు ఎదురుంగనే ఉండె. ఎక్కిన్రు. గండ్ల ఆళ్ళ తప్పేముంది?"

అతను చెప్పింది నిజం. ఈ దేశంలో దిగిన ఏ తెలుగువాడైనా మొదట నేర్చుకునే మాట అది. రమ్మన్నా యల్లా, పొమ్మన్నా యల్లా, తొందరగా కానిమ్మన్నా, ఇక చాలన్నా, ఫోను పెట్టేస్తున్నానన్నా అదే మాట. స్కూలు బస్సు దాటిపోతుందని పిల్లల్ని తరిమే మా ఇళ్ళలో దానికి ముందుకు పదమని అర్థం. ఎండలో పొద్దంతా కష్టపడ్డవాళ్ళకు ఇవాళ్టికి విడుదల అని అర్థం. ఒకే మాటతో ఒకే సైన్యం రెండు దిక్కులకు నడిచింది.

అందరం నవ్వాం. నవ్వనిది ఒక్కరే. గోడవారన సిమెంటు దిమ్మ మీద కూర్చుని, మోకాళ్ళ మీద పరుచుకున్న యుద్ధపటాన్ని మెల్లగా మడుస్తున్న మాస్టారు.

ఆయన నిజానికి మాస్టారు కాదు. ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్, భవనాల ప్లాన్లు గీస్తారు. కృష్ణా జిల్లా మనిషి. చర్చిలో క్రిస్మస్ నాటకం వేసిన ప్రతిసారీ క్రూరుడైన రాజు వేషం ఆయనదే. సగం జీవితం ఇక్కడే గడిపారు. ఉద్యోగం ముగిసి ఇండియాకు ఎగ్జిట్ ఖాయమైంది, నెలాఖరుకు టికెట్టు. పోయే లోపల ఒకే ఒక్క కోరిక ఉందని మా ఇంటికి వచ్చారు, అల్ ముంతజాకి.

"నాటకాల్లో యుద్ధం ఎప్పుడూ తెర వెనకాలే జరుగుతుందమ్మా," అన్నారు చాయ్ పక్కన పెట్టేసి. "ఓ భటుడు పరిగెత్తుకొచ్చి 'ప్రభూ, మన సేనలు చెదిరిపోయాయి' అంటాడు. మనం నమ్మాలి. నేను చిన్నప్పట్నుంచీ వింటున్నా ఆ మాట. చెదరడం ఎలా ఉంటుందో, చెదరబోయిన జనం మళ్ళీ నిలబడ్డం ఎలా ఉంటుందో చూళ్ళేదు. ఒక్కసారి నా కళ్ళతో చూడాలి."

అంతకుముందు రెండుసార్లు ప్రయత్నించారట. ఒకసారి సైనికులు ఎదురుపడగానే నవ్వాపుకోలేకపోయారు. ఇంకోసారి యుద్ధం మధ్యలో అందరూ శత్రువులతో కలిసి సెల్ఫీలు దిగారు. ఇది మూడోది, ఆఖరుది.

"మరి నా దగ్గరికెందుకొచ్చారు మాస్టారూ? యుద్ధాలంటే నాకు పడదని మీకు తెలుసుగా."

"గొంతు కోసం. నీ గొంతు నలుగురిలో వినపడుతుంది."

గొంతు సంగతి నిజమే. మా ఊళ్ళో సంఘసంస్కరణ సభలు జరిగే హాల్లో మైకు ఉండేది కాదు. చివరి బెంచీవాడికి వినపడకపోతే నీ వాదం ఓడిపోయినట్టే అని మా పెద్దలు నేర్పారు. ఆ హాల్లో నేను గెలిచిన వాదాల్లో పెద్దది రాజుల మీదే. రాజు గెలిచాడని శాసనాల మీద చెక్కుకున్నారు, దేవత కత్తి ఇచ్చిందని పాడుకున్నారు. గుర్రానికి మేత వేసినవాడు ఎవడు, వంటకు నీళ్ళు మోసినది ఎవరు, ముందు వరసలో చచ్చినవాడి ఊరేది అని అడిగితే ఆ పాటల్లో ఒక్కదాని దగ్గరా జవాబు లేదు. సేనాని గొప్పతనమనేది గెలిచాక అల్లిన కథ. యుద్ధం మొదలయ్యాక అతనూ అందరిలాంటి గుడ్డివాడే. ఆ మాట అప్పుడు నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

కాబట్టి షరతులు పెట్టాను. రాజుకు పేరు ఉండకూడదు. పేరు పెడితే కులం వెతుకుతారు, కులం దొరికితే ప్లైవుడ్ కత్తులు చాలవు. దేవత ప్రత్యక్షం కాకూడదు. శకునాలు పలకకూడదు. జెండాకు పూజ చెయ్యకూడదు. అసలు జెండాయే వద్దు. గుడ్డ ముక్క కోసం మనుషులు చావడాన్ని నేను రంగస్థలం మీద కూడా ఒప్పుకోను.

మాస్టారు అన్నిటికీ తలూపారు. "నాకు పేర్లక్కర్లేదమ్మా. జనం కదలాలి. అంతే."

కమిటీలో ఒకాయన మాత్రం ప్రదర్శన వేళకు వర్జ్యం ఉందని, గంట వెనక్కి జరపాలని పట్టుబట్టాడు.

"వర్జ్యం ఇండియా టైమా, ఖతార్ టైమా?" అన్నాను.

ఆయన ఫోను తీసి చాలాసేపు చూసుకున్నాడు. ఈలోగా ఫోర్‌మన్ అందుకున్నాడు. "మా ఊరోళ్ళు మేం దుబాయ్‌ల ఉన్నమనుకుంటున్రు అన్నా. దుబాయ్ టైముది గూడ సూడు, పనైపోతది." అక్కడితో వర్జ్యం చర్చ ముగిసింది.

మాస్టారు గీసిన పటం చూస్తే ఇంటి ప్లానులాగే ఉండేది, కొలతలతో సహా. మధ్య దళం రాజుగారి ఏనుగుతో ముందుకెళ్తుంది. శత్రువు మీదపడగానే ఓడినట్టు నటిస్తూ వెనక్కి తగ్గుతుంది. శత్రువు ఉత్సాహంగా లోపలికి చొచ్చుకొస్తాడు. అప్పుడు పక్కల్లో దాక్కున్న ఎడమ, కుడి దళాలు రెండు తలుపుల్లా మూసుకుంటాయి. పారిపోతున్న మధ్య దళం తిరిగి నిలబడుతుంది. కాగితం మీద అది నాలుగు బాణం గుర్తులు. పాతకాలంలో చాలా సైన్యాలు వాడిన ఎత్తే ఇది, పుస్తకాల్లో ఒక్క వాక్యంలో చెప్పేస్తారు.

ఆ వాక్యం వెనక ఎంత ఉందో తర్వాతి శుక్రవారాల్లో తెలిసింది. మనుషులు నిలబడ్డ చోట వరస తిన్నగా ఉంటుంది, కదిలితే ఉండదు. మధ్యవాళ్ళు వేగంగా నడుస్తారు, చివరివాళ్ళు వెనకబడతారు, వరస విల్లులా వంగుతుంది. వెనకవాళ్ళకు ముందేం జరుగుతుందో కనపడదు కాబట్టి తోస్తారు. ముందువాళ్ళకు అన్నీ కనపడతాయి కాబట్టి ఆగుతారు. అందరికంటే కష్టం ఆ దొంగ ఓటమి. పారిపోతున్నట్టు నటించమంటే మధ్య దళం బాగానే నటించింది. ఆగమంటే ఆగలేకపోయింది. ఒకసారి వెనక్కి పరుగు మొదలైతే పక్కవాడు ఆగుతాడన్న నమ్మకం ఎవరికీ ఉండదు. ఒకసారి మధ్య దళం మొత్తం సందు దాటి, రోడ్డు దాటి, కరక్ చాయ్ అమ్మే కొట్టు దాకా పోయింది. ఎటూ వచ్చాం కదా అని చాయ్ కూడా తాగి వచ్చారు.

"పారిపోవుడు గింత అల్కగ ఉంటదని తెల్వకపాయె," అన్నాడు ఫోర్‌మన్.

నా గొంతు దేనికీ పనికిరాలేదు. హాల్లో చివరి బెంచీని తాకిన గొంతు ఆ ఖాళీ జాగాలో పదో మనిషి దగ్గరే చచ్చిపోయింది. అందరి కాళ్ళ చప్పుడు, కత్తుల టకటక, తలల మీద టోపీల చప్పుడు. మా శిరస్త్రాణాలు వెండిరంగు వేసిన సైటు హెల్మెట్లే. కవచాలు ఏసీ గొట్టాల మీద చుట్టే వెండి రేకు. ఊపిరి పీల్చినా గరగరలాడేది. యల్లా అన్న మాటను నిషేధించాం. దాని బదులు ఏమనాలన్నదీ తేలలేదు. నేను "పదండి" అంటే ఫోర్‌మన్ "పాండ్రి" అనాలన్నాడు. నర్సొకామె రెండూ వద్దు, ఈల కొని ఊదుదామంది. శత్రువులు కూడా ఈల కొన్నారు.

ఇదంతా నవ్వులాట. కానీ ఇంటికొచ్చి మంచం మీద వాలాక నవ్వు పోయేది. మేం అరవై మందికి అటూ ఇటూగా ఉన్నాం. అందరిదీ ఒకే భాష, కడుపులు నిండి ఉన్నాయి, కత్తులు చెక్కవి, ఓడితే బిర్యానీ, గెలిచినా బిర్యానీ. అయినా ఒక్క మలుపు తిరగలేకపోయాం. వేలమంది, పది ప్రాంతాల నుంచి, పది భాషలతో, చెప్పులు కూడా లేనివాళ్ళు, నిద్రలేనివాళ్ళు, పక్కవాడి రక్తం మొహం మీద పడుతుండగా, ఎలా తిరిగారు? గుట్ట మీద నిలబడ్డవాడు ఒక కబురు పంపితే అది చేరేసరికి అక్కడి సంగతి మారిపోయి ఉంటుంది. కబురు తెచ్చేవాడు దారిలో చచ్చి ఉంటాడు. ఎడమవైపు గెలుస్తున్నామో లేదో కుడివైపువాడికి సాయంత్రం దాకా తెలీదు. రాజు చెయ్యలేదు, దేవత చెయ్యలేదు అని నేను హాల్లో నిరూపించి చప్పట్లు కొట్టించుకున్నాను. మరి ఎవరు చేశారు, ఎలా చేశారు అన్న ప్రశ్న ఏనాడూ వేసుకోలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ ప్రశ్న ఎదురుగా వచ్చి నిలబడింది.

జెండా సంగతి అప్పుడే మళ్ళీ వచ్చింది. పొడవాటి అల్యూమినియం కర్రకు పసుపు గుడ్డ కట్టి తీసుకొచ్చారు మాస్టారు.

"జెండా వద్దనుకున్నాం కదా," అన్నాను.

"దండం పెట్టమనలేదమ్మా. చూడమంటున్నాను."

ఒప్పుకున్నాను. వినపడని చోట చూడ్డానికి ఏదో ఒకటి కావాలి. ఏనుగు మీది పసుపు జెండా రెండుసార్లు వంగితే రెండు పక్కలా మూసుకోవాలి. ఆ సంగతి మాస్టారు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పారు. ఆ మాత్రం కళ్ళకు ఆధారం దొరికేసరికి వరస మొదటిసారి వంగకుండా నడిచింది. కుడి దళంవాళ్ళు విసుగుపుట్టి కత్తులతో డాళ్ళ మీద దరువేస్తూ ఉండేవాళ్ళు. మాస్టారు వాళ్ళను ఆ ఒక్కదానికే కసిరేవారు.

ప్రదర్శన ఉమ్ సలాల్ వైపు ఒక మజ్రాలో. శీతాకాలంలో అలాంటి తోటలను సెలవురోజుకు అద్దెకిస్తారు. ఖర్జూరం చెట్ల వరస, దాని పక్కన పంపు గది, ఆ వెనక చదునైన బీడు. పంపు గది కప్పు మీద మాస్టారు పొద్దున్నే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నారు. అక్కడి నుంచి రెండు దళాలూ, మధ్యా, శత్రువూ అన్నీ కనిపిస్తాయి. యుద్ధం మొత్తం చూడగలిగే చోటు అదొక్కటే. కుర్చీ ఎగిరిపోకుండా కాళ్ళ దగ్గర రాళ్ళు కూడా పెట్టించారు. గాలి అప్పటికే మొదలైంది.

రాజు వేషం వేయాల్సిన మనిషి ఒక ప్లాంటులో టెక్నీషియన్. అక్కడ ఏదో చెడిపోయిందని మధ్యాహ్నం డ్యూటీకి పిలిచేశారు. అతను బట్టలు పంపాడు, తను రాలేదు.

కిరీటం మాస్టారు చేతిలోకి వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పారు. పంపు గది వైపు ఒకసారి చూశారు.

"ఏనుగు నేనెక్కనా?" అన్నాను.

"నువ్వెక్కితే ఎడమ దళం ఎవరు నడుపుతారు?"

"ఎవరినైనా ఎక్కిద్దాం. ఊరికే నిలబడ్డమేగా."

"నిలబడ్డం కాదమ్మా, జెండా ఎప్పుడు వంచాలో తెలియాలి. అది ఇంకెవరికీ తెలీదు." కిరీటం పెట్టుకున్నారు. పెద్దదై చెవుల దాకా దిగింది. "ఏనుగెక్కితే ఎదురుగా ఉన్నదే కనపడుతుంది. మీరు కనపడరు. పోన్లే. యుద్ధమైతే జరగాలిగా."

ఏనుగు ఒక పికప్ బండి. రెండు పక్కలా ప్లైవుడ్ పలకల మీద ఏనుగు బొమ్మ, ముందు తొండానికి ఏసీ గొట్టం. గాలికి ఆ తొండం పైకి లేచి డ్రైవర్ అద్దాన్ని కొడుతోంది. మాస్టారు బండి వెనక నిలబడి జెండా పట్టుకున్నారు. సైనికుల ఫోన్లన్నీ ఒక సంచిలో వేయించారు, సెల్ఫీల భయంతో.

మధ్య దళం ముందుకెళ్ళడం చూశాను. శత్రువుల వేషం బ్యాడ్మింటన్ ఆడే కుర్రకారుది. వాళ్ళు కేకలేస్తూ ఎదురొచ్చారు. అన్ని అరికాళ్ళు ఆ బీడును తొక్కేసరికి దుమ్ము లేచింది, లేచిన దుమ్మును గాలి అందుకుంది. అంతే. ముందు శత్రువు మాయమయ్యాడు. తర్వాత మధ్య దళం, తర్వాత ఏనుగు. కాసేపు జెండా కొన మాత్రం పసుపుగా కదిలింది. దాని మీదే కళ్ళు పెట్టుకుని నిలబడ్డాను. అది ఒకపక్కకు ఒరిగి, మరి కనిపించలేదు.

అది సంకేతమా? రెండుసార్లు వంగాలి కదా. రెండోది నాకు కనపడలేదా? అసలు మొదటిదైనా అయిందా?

జరిగింది ఏమిటంటే, వెనక్కి తగ్గుతున్న పికప్ చక్రం ఇసుకలో దిగబడి బండి పక్కకు వాలింది. మాస్టారు జెండాతో సహా కిందికి జారారు. ఆ సంగతి నాకు తర్వాతే తెలిసింది. ఆ క్షణంలో నాకు తెలిసింది గోధుమరంగు గోడ ఒక్కటే. ఏనుగు మీద రాజు కనపడకపోతే చరిత్రలో అంత పెద్ద సైన్యాలు ఎందుకు చెదిరాయో, దాన్ని బానిస బుద్ధి అని ఆనాడు హాల్లో నేనెందుకు వెక్కిరించానో, రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి. అది బానిస బుద్ధి కాదు. నలుగురూ ఒకేసారి చూడగలిగింది అదొక్కటే. అది పోతే ప్రతివాడూ ఒంటరివాడే.

దుమ్ములోంచి మధ్య దళంవాళ్ళు బయటికొచ్చారు. దొంగ ఓటమి నిజం ఓటమి అయిపోయింది. మొహాలకు గుడ్డలు అడ్డం పెట్టుకుని మా పక్కనుంచే నడిచిపోతున్నారు. వాళ్ళలో ఒకడు, ఎవరో నాకు తెలీదు, చెయ్యి ఊపుతూ ఆ మాట అనేశాడు. "యల్లా, ఖలాస్."

నా వెనక వరస కదిలిన చప్పుడు నాకు వినపడింది. బస్సు ఎటుందో వాళ్ళకు బాగా తెలుసు. నేను వెనక్కి తిరిగి అరిచాను. ఏం అరిచానో నాకే వినపడలేదు, నోట్లోకి ఇసుక పోయింది. మాస్టారి యుద్ధం అక్కడితో అయిపోయిందనుకున్నాను. మూడోసారీ, ఆఖరుసారీ.

అప్పుడు దరువు వినపడింది. డాళ్ళ మీద కత్తులు కొట్టే ఆ పాడు టకటక, మాస్టారు కసిరే దరువు. దుమ్ము అవతల నుంచి. కుడి దళం కదిలింది, వాళ్ళు వస్తున్నారు, మనం వెళ్ళకపోతే వాళ్ళొక్కరే వెళ్తారు. ఇది నేను ఆలోచించలేదు. నా పక్కనున్న నర్సు నా మోచేతికి మోచెయ్యి ఆనించింది. ఆమె పక్కావిడ ఆమెకు. నేను నడిచానో, నన్ను నడిపించారో ఇప్పటికీ చెప్పలేను. మా డాళ్ళూ మోగడం మొదలుపెట్టాయి. వరస వంగలేదు. కళ్ళు మూసుకుపోయిన అంతమంది ఒక్క అడుగులా నడిచాం. ఏ జెండా లేదు, ఏ గొంతూ లేదు. అటువంటి నడక నా జీవితంలో మళ్ళీ నడవలేదు. ఎడమ చేతివైపు చివరి మనిషి ఎక్కడున్నాడో నా వీపుకు తెలుస్తోంది.

గాలి ఒక్కసారి తెరిపిచ్చింది. దుమ్ము కిందికి దిగింది.

శత్రువులు మధ్యలో గుంపుగా నిలబడి ఉన్నారు, చుట్టూ మేము. మా పక్కనుంచి వెళ్ళిపోయినవాళ్ళు కూడా తిరిగొచ్చి మూడోవైపు మూసేశారు. ఎదురుగా, ఆ చివర, మట్టి బొమ్మలా ఫోర్‌మన్. మొహంలో కళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి. ఎవరూ కత్తి ఎత్తలేదు. అక్కడ శత్రువు లొంగిపోవాలి, జయజయధ్వానాలు చెయ్యాలి, అంతా రాసుకున్నాం. అందరం మర్చిపోయాం. ప్రేక్షకులు కూడా చప్పట్లు కొట్టలేదు. మేం ఒకరినొకరం చూసుకుంటూ నిలబడ్డాం, ఇది మేమే చేశామా అన్నట్టు.

పంపు గది మీద కుర్చీ ఖాళీగా ఉంది.

మాస్టారు దిగబడిన చక్రం పక్కన ఇసుకలో కూర్చుని ఉన్నారు. దెబ్బలేం తగల్లేదు. కిరీటం ఒళ్ళో ఉంది. బండి ప్లైవుడ్ పలక అడ్డం, ఆయనకు ఏమీ కనపడలేదు. నన్ను చూడగానే లేవబోయారు.

"ఏమైందమ్మా? తిరిగారా? మధ్యవాళ్ళు తిరిగి నిలబడ్డారా?"

అద్భుతంగా జరిగింది మాస్టారూ అనెయ్యడం తేలిక. కంటితో చూసిందే చెప్పు, మిగతాది తెలీదను అని నాకు నేర్పిన పెద్దలు గుర్తొచ్చారు. నేను చూసింది నా ఇద్దరు పక్కవాళ్ళను, చివర్లో ఒక్క నిమిషం ఆ వలయాన్ని.

"నిలబడ్డారు. చూశాను. ఎలా తిరిగారో మాత్రం చూళ్ళేదు."

"మరి ఎవరు చూశారు?"

అందుకు జవాబుగా ఒక్కొక్కరూ వచ్చారు. ముందు ఫోర్‌మన్ పరిగెత్తుకొచ్చి మోకాలు వంచాడు. "ప్రభూ, మన సేనలు చెదరలే." మాస్టారు నవ్వారు, ఆ రోజు మొదటిసారి. తర్వాత మధ్య దళంవాళ్ళు. దరువు రెండు దిక్కులా వినపడేసరికి, "మనం బోతే మనమే పిరికోళ్ళమైతం" అని ఒకడన్నాడట. ఎవడన్నాడంటే ప్రతివాడూ పక్కవాణ్ణి చూపించాడు. శత్రువు కుర్రాడొకడు, "మాకు నిజంగా భయమేసింది అంకుల్, చుట్టూ చప్పుడే, మనుషుల్లేరు" అన్నాడు. ఎవరు చెప్పింది విన్నా ఆయన మడత పటం మీద వేలు పెట్టి, ఎక్కడ, ఇక్కడా, ఇటా అని అడిగారు. బిర్యానీ ట్రేలు తెరిచారు. ఎవరూ అటు పోలేదు.

ఎట్టకేలకు తినడానికి కూర్చున్నాక వర్జ్యం పెద్దమనిషి అమ్మవారి దయ అన్నాడు. మాస్టారు, అలవాటు కొద్దీ, ప్రభువు కృప అన్నారు. ఇద్దరితోనూ వాదానికి దిగాను. దరువు వినపడింది, ఒంటరిగా మిగిలిపోతామన్న భయం కన్నా పక్కవాడి మోచెయ్యి బలమైంది, అంతే జరిగింది అన్నాను. ఇలాంటి దరువొకటి, ఇలాంటి మోచెయ్యొకటి, పేరు లేని లక్షలమందిని కత్తుల ముందు నిలబెట్టింది. ఆ పనిని ఒక రాజు, ఒక దేవత పంచుకుని తినేశారు. వివరణ నా చేతిలోనే ఉంది. ఆశ్చర్యం రవ్వంత కూడా తగ్గలేదు.

"అయితే తమ్ముడూ," అన్నాను ఫోర్‌మన్‌తో, "మీరు దరువెయ్యకపోతే మేం కదిలేవాళ్ళం కాదు. జెండా లేకుండా ఎలా బయల్దేరారు?"

అతను చేతిలో ముద్ద అలాగే పట్టుకుని నన్ను చూశాడు. "మేమెక్కడ ఏసినమక్కా? మీ దిక్కెల్లి టకటక ఇనవడ్డది. మీరు నడిచిన్రనుకుని మేం లేసినం."

"మేం మీ చప్పుడు విన్నాక నడిచాం."

"మీ సప్పుడు ఇన్నంకనే మేం ఏసినం."

మాస్టారు తినడం ఆపేశారు. ప్రేక్షకుల్లో ఒకావిడ మొదటి నుంచీ వీడియో తీసింది. ఫోను అడిగి తెప్పించుకున్నారు. అందరం ఆయన భుజాల మీదుగా తొంగిచూశాం. తెర నిండా గోధుమరంగు. మనిషి లేడు, ఏనుగు లేదు. ఆవిడ నొచ్చుకుంది. "ఏం పడలేదండీ, అంతా దుమ్మే."

"ఉండమ్మా," అని ఆయన కళ్ళు మూసుకుని ఫోను చెవికి ఆనించుకున్నారు. గాలి హోరు, కేకలు, అందులోంచి ఎక్కడో చెక్క మీద చెక్క. ఆయన మొహం మీద దుమ్ము పగిలి గీతలు పడింది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నారు. మళ్ళీ. తర్వాత ఫోను మా ఇద్దరి మధ్య పెట్టి, నన్నూ ఫోర్‌మన్‌నూ దగ్గరికి వంగమన్నారు.

"ఇదిగో, ఈ మొదటి దెబ్బ. ఇది ఎవరిది?"

ఇద్దరం విన్నాం. నేను అతన్ని చూపించాను. అతను నన్ను చూపించాడు.